నాన్న మెడల్స్ కుట్టించిన మల్కాపురం షాపు, ఇంకా అవి ఎవరు పెట్టుకోవాలన్న మా ఇంటి గొడవ

ఇది కొంచెం పెద్ద రివ్యూ, ఓపిక ఉన్నవాళ్లు మొత్తం చదవండి, లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా: వైజాగ్‌లో మీ ఇంట్లో నాన్నవో తాతయ్యవో పాత మిలటరీ మెడల్స్ ఉండి, రిబ్బన్లు పాడైపోయి ఉంటే, వాటిని బాగు చేయించడానికి ఈ షాపుకే వెళ్లండి. 5కి 4 ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

షాపు సింధియా దాటి మల్కాపురం వైపు వెళ్తుంటే మెయిన్ రోడ్డుకి వెనక సందులో ఉంటుంది. పేరు రాయట్లేదు, మాస్టారే వద్దన్నారు, బోర్డు కూడా రంగు వెలిసిపోయి చదవడానికి రాదు. మెడల్స్ కుట్టే మాస్టారు ఎక్కడండీ అని అడిగితే చూపించేస్తారు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయట ఉండాల్సిందే. ఒక కుట్టుమిషను, అద్దాల బీరువా నిండా షోల్డర్ స్ట్రాపులు, పేరు ప్లేట్లు, టోపీలకి కట్టే రిబ్బన్లు, గోడకి మేకుల మీద రంగురంగుల రిబ్బన్ చుట్టలు. మాస్టారికి 70 దాటి ఉంటాయి, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంటుంది కానీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేస్తారు, నేను చూశాను.

మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న 17 ఏళ్లకే నేవీలో సెయిలర్‌గా చేరారు, 1971 యుద్ధం వచ్చేసరికి ఆయనకి 20. 15 ఏళ్లు సర్వీసు చేసి బయటికొచ్చాక ఇక్కడే ఉద్యోగం చూసుకున్నారు, అలా కంచరపాలెంలో ఉండిపోయాం. నాన్న పోయి రెండేళ్లయింది. ఆయనకి నాలుగు మెడల్స్: పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ (ఈ రెండూ 1971 యుద్ధానివి), 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవం మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్. ఇందులో శౌర్యానికి ఇచ్చినవి ఏమీ లేవు, ఆ టైంలో ఆ డ్యూటీలో ఉన్న చాలామందికి వచ్చినవే, నాన్న కూడా అదే చెప్పేవారు, "నాకొక్కడికే ఇచ్చినట్టు ఊళ్లో చెప్పకండి" అని. కానీ ఆ బిళ్లల అంచు మీద ఆయన నంబరు, పేరు చిన్న చిన్న అక్షరాలతో కొట్టి ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. నాకు చిన్నప్పట్నుంచీ ఆ అంచు తడమడం అలవాటు.

ప్రతి డిసెంబర్ 4కి, అంటే నేవీ డేకి, నాన్న తెల్ల షర్టు తనే ఇస్త్రీ చేసుకుని, ఈ నాలుగూ పెట్టుకుని బీచ్ రోడ్డుకి వెళ్లేవారు, అక్కడ 1971 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర నేవీ వాళ్లు పూలగుచ్ఛాలు పెట్టేటప్పుడు దూరంగా రిటైరైన వాళ్లతో నిలబడి వచ్చేసేవారు. మిగతా 364 రోజులూ అవి బిస్కెట్ల రేకు డబ్బాలో, బీరువాలో. మన ఊరి సముద్రం గాలి సంగతి తెలిసిందే కదా, ఇనుమునే తినేస్తుంది, రిబ్బన్లు ఎంత. నాన్న పోయాక డబ్బా తీస్తే రెండు రిబ్బన్లు చేత్తో పట్టుకుంటే పొడి రాలిపోయాయి.

మొదట ఊళ్లో వేరేచోట ఒక షాపులో ఇచ్చాను, ఎక్కడో చెప్పను. వాళ్లు చేసింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. గిఫ్ట్ ప్యాకింగ్‌కి వాడే శాటిన్ రిబ్బన్ రంగు దగ్గర దగ్గరగా ఉందని కోసేసి, వేడి జిగురుతో అట్టకి అతికించేశారు, వరస కూడా వాళ్లకి తోచినట్టు, లాంగ్ సర్వీస్ ముందు పెట్టి పూర్వీ స్టార్ చివర్న. ఏంటండీ ఇది అంటే "ఫ్రేములో పెట్టుకోడానికే కదా మేడం, బానే ఉంది" అన్నారు. సంగ్రామ్ మెడల్ వెనక జిగురు అంటుకుని ఎండిపోయింది. ఆ రోజు ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చాను, నిజంగా.

తర్వాత నాన్నతో పనిచేసిన ఒక అంకుల్ చెప్తే ఈ మాస్టారి దగ్గరికి వెళ్లాను. డబ్బా తెరిచి చూసి ఆయన ఏమీ అనలేదు, ముందు చేతులు కడుక్కుని వచ్చారు. ఒక్కో మెడల్ అంచు తిప్పి తిప్పి చూసి, పేరు పైకి చదివి, నాలుగింటి మీదా ఒకే పేరు ఉందో లేదో చూసుకున్నారు. సర్వీసు కాగితాలు ఏమైనా ఉన్నాయా అమ్మా అన్నారు. నాన్న డిశ్చార్జి బుక్ జిరాక్సు నా ఫోన్లో ఉంది, చూపించాను. అప్పుడు అడిగారు:

"ఎవలు పెట్టుకుంతారమ్మా ఇయ్యి? ఫ్రేముకా, మనిషికా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకు అడుగుతున్నారంటే, కుట్టే పద్ధతి దాన్నిబట్టి మారుతుందంట. రెండు రకాలు ఉంటాయి. స్వింగ్ మౌంటింగ్ అంటే ఒక బార్‌కి మెడల్స్ వేలాడుతూ ఉంటాయి, నడిస్తే ఒకదానికొకటి తగిలి చప్పుడొస్తుంది. కోర్ట్ మౌంటింగ్ అంటే గట్టి అట్టకి గుడ్డ తొడిగి, రిబ్బన్ మెడల్ వెనకదాకా దింపి, మెడల్ కదలకుండా కుట్టేస్తారు, గీతలు పడవు, చప్పుడుండదు. నాన్నవి స్వింగే. ఆ చప్పుడు నాకు గుర్తుంది, డిసెంబర్‌లో పొద్దున్నే ఆయన మెట్లు దిగుతుంటే వినపడేది. మాస్టారు మాత్రం "నలభై ఏళ్లు ఒకదానికొకటి కొట్టుకుని అరిగిపోనాయి, ఇంక ఊగనివ్వకమ్మా" అన్నారు. కోర్టే చేయించాను.

పని గురించి చెప్పాలంటే మాటల్లేవు. అసలైన రిబ్బన్, 32 మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి నా ఎదురుగా కొలిచి చూపించారు. వరస సరిగ్గా: పూర్వీ స్టార్, సంగ్రామ్, 25వ వార్షికోత్సవం, చివర 9 ఏళ్లది. పాత షాపు జిగురు మొత్తం వేడినీళ్లు, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తీశారు, మెరుగు పెడతారా అని నేనడిగితే ఆయనే వద్దన్నారు, పాలిష్ కొడితే అంచు మీద పేరు అరిగిపోద్ది అని. వెనక కుట్లు బయటికి కనపడవు, పిన్ను గట్టిది, చీర మీద పెట్టినా బరువుకి ముందుకి వంగలేదు. నాలుగు మెడల్స్‌కి రిబ్బన్‌తో కలిపి 1,300 తీసుకున్నారు. వారం అన్నారు, పదకొండు రోజులు పట్టింది, అదొక్కటే కొంచెం టెన్షన్ పెట్టింది, డిసెంబర్ 4 దగ్గరపడుతుందని రోజూ ఫోన్ చేశాను, ఆయన ఫోన్ ఎత్తరు. నవంబర్‌లో వెళ్లేవాళ్లు నెల ముందే ఇచ్చుకోండి.

సరే, ఇప్పుడు ఆయన అడిగిన ప్రశ్న. ఎవలు పెట్టుకుంతారు అని. నేనే పెట్టుకుంటాను మాస్టారూ, డిసెంబర్ 4న నాన్న నిలబడే చోటికి వెళ్తాను అన్నాను. అయితే కుడివైపు పెట్టుకో తల్లీ, ఎడమ సంపాదించినోళ్లది అన్నారు. అది నాకు అప్పటిదాకా తెలీదు. పోయినవాళ్ల మెడల్స్ ఇంట్లోవాళ్లు పెట్టుకుంటే కుడి ఛాతీ మీద పెట్టుకోవడం ఆనవాయితీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆంజాక్ డే రోజు మనవలు, మునిమనవలు అందరూ అలాగే కుడివైపు పెట్టుకుని నడుస్తారు. చూసేవాళ్లకి ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఇవి ఈమెవి కావు, ఈమె వాళ్ల మనిషివి అని. ఎంత మంచి ఏర్పాటో అనిపించింది నాకు.

ఇంటికొచ్చి చెప్తే మాత్రం పెద్ద గొడవే అయింది.

మా బాబాయ్ ఆర్మీలో 24 ఏళ్లు చేశారు, కార్గిల్ టైంలో కూడా సర్వీసులోనే ఉన్నారు. ఆయనకి అస్సలు నచ్చలేదు. "సంపాదించినోడు పెట్టుకోవాల, పోనోడివి పెట్టెలో ఉండాల. కుడి గాదు ఎడమ గాదు. ఈ రోజు నువ్వు పెట్టుకుంటావు, రేపు నీ కొడుకు పెట్టుకుంటాడు, ఎల్లుండి ఆడి ఫ్రెండు ఫోటోకని అడుగుతాడు" అన్నారు. నేను ఎదురు చెప్పబోయాను కానీ ఆయన మాటలో నిజం ఉంది, ఆన్‌లైన్‌లో చూస్తున్నాం కదా, ఎవరివో మెడల్స్ పాత సామాన్ల కింద అమ్మకానికి పెడుతున్నారు, అంచు మీద పేరుతో సహా. ఎవరో ఒక ఇంట్లో బిస్కెట్ డబ్బా ఖాళీ చేశారన్నమాట.

తమ్ముడిది ఇంకో రకం. వాడు కాలేజీలో లెక్చరరు. వాడి బాధ ఏంటంటే, నాన్న ఒక్కరోజు కూడా యుద్ధం గురించి గొప్పగా చెప్పలేదు, అడిగితే మాట మార్చేసేవారు, అలాంటిది నువ్వు ఛాతీ మీద పెట్టుకుని బీచ్‌లో నిలబడితే చూసే పిల్లలకి యుద్ధం అంటే పతకాలు, బ్యాండ్ మేళం అనిపిస్తుంది అని. ఇంగ్లండ్‌లో 1933లోనే కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ అనే సంఘం ఆడవాళ్లు, యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వుకి బదులు తెల్ల పాపీ పెట్టుకోవడం మొదలుపెట్టారక్కా, వాళ్లలో కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు, చచ్చినవాళ్లని మర్చిపోడానికి కాదు, ఇంక వద్దు అని చెప్పడానికి పెట్టుకున్నారు అన్నాడు. వాడితో నాకు చాలా విషయాల్లో పడదు కానీ ఇది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మ అయితే వాదనే పెట్టుకోలేదు. "ఆయన లేకుండా ఆ బిళ్లలు ఎందుకే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఈ పాపీ సంగతి మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే, మా వదిన వాళ్లబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం. అక్కడ నవంబర్ వస్తే ఆఫీసులో, టీవీలో, బస్సులో అందరి కోటు మీదా ఎర్ర పువ్వు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియంలో ఫిరంగి గుళ్లకి, గోతులకి దున్నేసినట్టయిపోయిన నేల మీద ఆ పువ్వులు పూశాయంట, 1921 నుంచి రాయల్ బ్రిటిష్ లెజియన్ అనే సంస్థ వాళ్లు ఆ పువ్వు బొమ్మల్ని అమ్మి ఆ డబ్బు మాజీ సైనికులకి ఖర్చుపెడుతున్నారు. మావాడికి మొదటి ఏడాది ధర్మసందేహం: నేను పెట్టుకోవచ్చా, అది వాళ్లది కదా, మనల్ని ఏలినవాళ్ల సైన్యం కదా అని. మరి ఆ సైన్యంలో ఉన్నదెవరు? మనవాళ్లే పది లక్షల మందికి పైగా దేశం దాటి వెళ్లారు ఆ యుద్ధానికి, 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. ఢిల్లీలో ఇండియా గేటు మీద ఉన్నవి వాళ్లలాంటి వాళ్ల పేర్లే. మనకి ఇంకా దగ్గరగా చెప్పాలంటే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అనే అంటారు, ఆ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ మగాళ్లు వెళ్లారు. 2018లో ఆ యుద్ధం ముగిసి నూరేళ్లయిన సందర్భంగా బ్రిటన్‌లో ఖాదీ గుడ్డతో చేసిన పాపీ కూడా తెచ్చారు, మనవాళ్లని తలుచుకోడానికి. మావాడు అది కొనుక్కుని దాచుకున్నాడు, ఏటా అదే పెట్టుకుంటాడు.

వాడే చెప్పాడు, అక్కడ జేమ్స్ మెక్లీన్ అని ఒక ఫుట్‌బాలర్, ఐర్లాండ్ మనిషి, డెర్రీ ఊరు. 1972లో ఆ ఊళ్లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు, అందుకని ఆయన పాపీ ఉన్న జెర్సీ వేసుకోనన్నాడు, ఏళ్ల తరబడి స్టేడియంలో తిట్లు తిన్నాడు, అయినా వేసుకోలేదు. ఇది విన్నాక బాబాయే అన్నారు, "ఆడి మీద బలవంతం సేయకూడదు" అని. పెట్టుకోమని గుంజడం మొదలైతే ఆ పువ్వుకి విలువ ఏముంటుంది అన్నది ఆయన ఉద్దేశం. ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్న మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న మొదటి మాట అదే.

ఈ షాపులో నాకు బాగా నచ్చిన ఇంకో వస్తువు దీనికి సంబంధించిందే, బంతిపువ్వు పిన్ను. ఢిల్లీలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అని మిలటరీ చరిత్ర మీద పనిచేసే పాత సంస్థ ఉంది, వాళ్లు పాపీలాగ మనకి కూడా ఒక పువ్వు ఉండాలని బంతిని ముందుకి తెచ్చారు. ఆ సంగతి ఎవరో రిటైర్డ్ ఆఫీసరు చెప్తే మాస్టారి కోడలు నారింజ రంగు నూలుగుడ్డ చిన్న చిన్న ముక్కలు మడత పెట్టి కుట్టడం మొదలుపెట్టిందంట. ఒక్కోటి 40 రూపాయలు. రేకులు వదులుగా ఉండవు, వెనక ఆకుపచ్చ గుడ్డ, చిన్న సేఫ్టీ పిన్ను. ఫ్యాక్టరీలో చేసినవాటిలా అన్నీ ఒక్కలా ఉండవు, నాకు అదే బాగుంది. నేను ఆరు కొన్నాను.

బంతి అనగానే మా ఇంట్లో మళ్లీ చర్చ. మా అమ్మాయి, "అమ్మా అది సంక్రాంతికి గుమ్మానికి కట్టే పువ్వు కదా, పోయినవాళ్లకి ఎలా పెడతారు" అంది. అప్పుడు అమ్మ లోపల్నుంచి, "గుమ్మానికీ అదే, పాడె మీదకీ అదే, మీ తాతకి కూడా అదే వేశాం" అంది. అంతే, ఇంకెవరూ మాట్లాడలేదు. నాకు ఈ మెడల్స్, పాపీలు, బలిదానాల గొడవలో అందరూ పెట్టుకోగలిగింది ఈ పువ్వే అనిపించింది. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, కుడి ఎడమ అక్కర్లేదు, తమ్ముడు కూడా ఒకటి జేబులో వేసుకున్నాడు. పెట్టుకోలేదు, జేబులో వేసుకున్నాడు.

ఇంకా చిన్నప్పుడు స్కూల్లో డిసెంబర్ 7న జెండా రోజు అని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం మూడు రంగుల చిన్న కాగితం జెండా ఇచ్చి హుండీలో డబ్బులు వేయమనేవారు, గుర్తుందా? 1949 నుంచి ఉన్నదే అది, సాయుధ దళాల పతాక దినోత్సవం, ఆ డబ్బు సైనిక్ బోర్డుల ద్వారా మాజీ సైనికుల కుటుంబాలకీ, వితంతువులకీ వెళ్తుంది. మన దగ్గర అంత పాత ఆనవాయితీ ఉండగా అది ఎందుకు ఇలా పల్చబడిపోయిందో నాకు బాధగా ఉంటుంది. మా అమ్మాయి స్కూల్లో దాని పేరే వినలేదంట.

షాపులో కూర్చున్న గంటన్నరలో ఇంకొన్ని చూశాను, అవి కూడా రాయాలి, ఎందుకంటే ఈ షాపు మీద నాకు గౌరవం పెరిగింది వాటివల్లే. ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి బలిదాన్ బ్యాడ్జి ఉందా అన్నారు. మాస్టారు లేదన్నారు. "అదేటి అంకుల్, ధోనీది, గ్లవ్స్ మీద ఉంటాదే" అన్నారు. 2005లో ఇక్కడే మన స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టిన మనిషి కదా, వైజాగ్ కుర్రాళ్లకి ధోనీ అంటే అదో ఇది. 2019 వరల్డ్ కప్‌లో సౌతాఫ్రికా మ్యాచ్‌కి ఆ గుర్తున్న గ్లవ్స్ వేసుకోవడం, ఐసీసీ వద్దనడం, దేశమంతా రెండుగా చీలి వాదించుకోవడం అందరికీ గుర్తే. ధోనీ టెరిటోరియల్ ఆర్మీ పారాచూట్ రెజిమెంట్‌లో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్, ఆయన ప్రేమని నేను శంకించను. కానీ ఆ బ్యాడ్జి పారా స్పెషల్ ఫోర్సెస్ కమాండోలది, ఎంతో కష్టపడి నెగ్గితేగాని రానిది. మాస్టారు ఆ పిల్లల్ని కసురుకోలేదు, కూర్చోబెట్టి అది ఎలా వస్తుందో చెప్పారు, చెప్పి, బంతిపువ్వు పిన్ను చూపించారు. ఒకడు కొన్నాడు, ఇంకోడు కొనలేదు.

అలాగే ఆర్మీ కాంబాట్ గుడ్డ, అంటే సైనికుల యూనిఫారం కుట్టే మచ్చల గుడ్డ కూడా ఐడీ కార్డు లేకుండా ముట్టనివ్వరు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడి జరిగాక ఆర్మీవాళ్లు మామూలు జనాన్ని ఆ డ్రెస్సు వేసుకోవద్దని, షాపులవాళ్లని అమ్మొద్దని అడిగారు కదా, అప్పట్నుంచి ఈయన ఒక్క మీటరు కూడా బయటివాళ్లకి అమ్మలేదంట. సోల్జర్‌ని అని నమ్మించడానికి ఆ డ్రెస్సు గానీ గుర్తు గానీ వేసుకుంటే నేరం కూడా, ముందు ఐపీసీ 140 సెక్షను, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168. ఫ్యాషన్‌కి వేసుకునే మచ్చల టీ షర్టు వేరనుకోండి, దాని గురించి నాకేమీ అభ్యంతరం లేదు, బాబాయ్‌కి మాత్రం ఉంది.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్క స్టారు.

అద్దాల బీరువాలో కింద వరసలో ఒక గుండ్రటి పిన్ను ఉంది, రెండు ముక్కలైన సబ్‌మెరైన్ బొమ్మ, దాని మీద ఎర్ర గీత, కింద గాజీ అని. బీచ్‌లో టూరిస్టులకి అమ్మే కుర్రాళ్లు పట్టుకెళ్తారంట, మాస్టారి కొడుకు తెప్పించాడంట. చూడగానే నాకు ఒళ్లు జలదరించింది.

నాన్న 1971 డిసెంబర్ 3 రాత్రి ఇక్కడే డ్యూటీలో ఉన్నారు. అర్ధరాత్రి దాటాక సముద్రం మీంచి వచ్చిన ఆ పేలుడు ఊళ్లో చాలామంది విన్నారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మన హార్బర్ బయటే మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకి (నీళ్లలోపల పేలే బాంబులు) మునిగిందని మనవాళ్లు, లోపల పేలుడు జరిగిందని వాళ్లు, ఇప్పటికీ రెండు మాటలున్నాయి. ఏదైనా గానీ అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు, ఇంకా అక్కడే ఉన్నారు, మనం బీచ్‌లో ముంతమసాలా తింటూ చూసే ఆ నీళ్లలోనే. వారం తిరక్కుండానే, డిసెంబర్ 9న, అటు అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రి మునిగింది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే ఉండిపోయారు. నాన్న ఖుక్రి గురించి ఎప్పుడు మాట్లాడినా గాజీ గురించి కూడా అదే గొంతుతో మాట్లాడేవారు. "నీళ్లలో పోయినోడు ఎవుడైనా సెయిలరేనే" అనేవారు. ఆ గెలుపు ఆయనకి గర్వం కాదని అనను, గర్వమే, ఆ స్తూపం దగ్గర నిలబడ్డప్పుడు ఆయన వీపు నిటారుగా ఉండేది. 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు ఈ ఊరి మీద బాంబులేసిన సంగతి మా నాన్నమ్మ తరం వాళ్లు కథలుగా చెప్పేవారు, ఊరు మళ్లీ అలా కాకుండా ఆపినవాళ్లలో తనూ ఒకడినని ఆయనకి ఉండేది. కానీ ఒక్కరి చావుని కూడా బొమ్మ చేసి చూపించగా నేను చూడలేదు.

2024లో నేవీ వాళ్ల నీళ్లలో దిగే రెస్క్యూ వెహికల్ ఆ గాజీ శకలాల్ని గుర్తించిందని, పోయినవాళ్లకి గౌరవంగా దాన్ని ముట్టుకోకుండా వదిలేశారని పేపర్లో వచ్చింది. యుద్ధం చేసినవాళ్లే అంత మర్యాద పాటించినప్పుడు మనకి ఆ ఎర్ర గీత పిన్ను ఎందుకు? మాస్టారికి ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, "పిల్లడు తెచ్చాడమ్మా, అమ్ముడైపోతంది" అన్నారు. మెడల్స్ తీసుకోడానికి రెండోసారి వెళ్లినప్పుడు కూడా అది అక్కడే ఉంది. దయచేసి తీసేయండి మాస్టారూ, మీరు చేతులు కడుక్కుని మెడల్ పట్టుకునే మనిషి, మీ బీరువాలో అది ఉండకూడదు.

డిసెంబర్ 4న వెళ్లాను. తెల్ల నూలు చీర, కుడివైపు నాలుగు మెడల్స్, ఎడమవైపు బంతిపువ్వు. బాబాయ్ రానన్నారు, కానీ పొద్దున్నే ఫోన్ చేసి "పిన్ను సరిగా పెట్టుకున్నావా, ఒంకరగా ఉంటే బాగోదు" అన్నారు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర్నుంచి నడుచుకుంటూ వెళ్లాను. దార్లో ఒకావిడ "మీరు నేవీనా అండీ" అని అడిగారు, కాదండీ నాన్నవి అని చెప్పాను. స్తూపం దగ్గర ఒక పెద్దాయన, చేతికర్ర పట్టుకుని, ఆయన ఎడమవైపు కూడా పూర్వీ స్టార్ ఉంది. నా కుడివైపు చూశారు. "మీ నాన్నా?" అన్నారు. అవునండీ అన్నాను. ఏ ఏడు పోయారమ్మా అన్నారు, చెప్పాను. పక్కకి జరిగి చోటిచ్చారు. ఇంకేం మాట్లాడుకోలేదు, బ్యూగిల్ అయ్యేదాకా అలాగే నిలబడ్డాం.

షాపు ఆదివారం మూసేస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కూడా ఉండరు. ఫోన్‌పే ఉంది. కారు సందులోకి వెళ్లదు. మెడల్స్ ఇచ్చేముందు అంచు మీద పేరు కనపడేలా ఫోటో తీసుకోండి, ఇక్కడ భయం లేదుగానీ ఎక్కడిచ్చినా అది అలవాటు చేసుకోండి. డిశ్చార్జి బుక్ జిరాక్సు తీసుకెళ్లండి, లేకపోతే పని ఒప్పుకోరు, దానికి కోప్పడకండి.

ఇంకొకటి మర్చిపోయాను. మాస్టారు కొత్త రిబ్బన్లు కుట్టాక పాతవాటి ముక్కల్ని పారేయలేదు, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు, రాలిన పొడితో సహా. అది నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది. డిసెంబర్ 4న ఇంటికొచ్చి మెడల్స్ తీస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది, వాటి వంక చూడలేదు, "ఆయన పెట్టుకున్న రిబ్బన్లు ఏం చేశావే" అంది. పొట్లం తీసి ఇచ్చాను. విప్పి చూసి, మళ్లీ అలాగే మడిచి, బిస్కెట్ డబ్బాలో నాన్న కళ్లజోడు పక్కన పెట్టి మూత పెట్టేసింది.